అయిదు నిమిషాల తుఫాను

మా మనవడికి నాలుగేళ్లు. మా అమ్మాయి నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగానికి వెళితే మళ్లీ సాయంత్రానికిగాని రాదు. అందుచేత ఉప్పల్‌లో ఇంటిపట్టున వాడి ఆలనాపాలనా నావంతు. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, ఈ పిడుగు నాకొక లెక్కా అనుకున్నాను.

కిందటి నెల తార్నాకనుంచి మెట్రోలో వచ్చి ఉప్పల్ స్టేషనులో దిగాము. లిఫ్టు మీట తానే నొక్కుతానని వాడు దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. తీరా లోపల అడుగుపెట్టేసరికి ఎవరో కుర్రాడు నొక్కేశాడు. అంతే! కిందికి దిగగానే మావాడు నేలమీదపడి దొర్లాడు, నీళ్లసీసా విసిరికొట్టాడు, గుక్కపట్టి ఏడ్చాడు.

“రెండు తగిలియ్యమ్మా, ఊకుంటడు” అన్నదొకావిడ.

“ఫోను చేతికియ్యండి, నోరు మూస్తాడు” అన్నాడు మరొకాయన.

నలుగురూ నావంకే చూస్తున్నారు. ఒళ్లు మండి వీపుమీద ఒక్కటి వేశాను. ఏడుపు రెట్టింపయింది.

ఆ సాయంత్రం తల దువ్వుదామని దువ్వెన పట్టుకుని చెయ్యెత్తాను. వాడు గభాలున రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడే ఇంట్లోకి వచ్చిన మా అమ్మాయి చూసింది. “నేనూ ఇలాగే చేతులు అడ్డం పెట్టుకునేదాన్ని, అమ్మా” అన్నది మెల్లిగా. దెబ్బలాడినా బాగుండేది!

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నేను కొట్టింది వాడి అల్లరికని చెప్పుకోలేను. పదిమందిలో నాకు కలిగిన సిగ్గును వాడి వీపుమీద తీర్చుకున్నాను.

పిల్లల కోపాన్నిగురించి పెద్దవాళ్లు చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. 1931లోనే అమెరికాలో ఫ్లోరెన్స్ గుడెనఫ్ అనే ఆమె, పిల్లలు ఎప్పుడు, దేనికి కోపగించుకున్నారో తల్లిదండ్రులచేత రాయించి ఒక పుస్తకం వేసింది. 2003లో ఆ దేశంలోనే వెలువడిన మరొక పరిశీలనలో, ఏడాదిన్నరనుంచి అయిదేళ్లవరకు వయసున్న 335 మంది పిల్లల పేచీలను లెక్కకట్టారు. వాటిలో నూటికి 75 పేచీలు 5 నిమిషాలలోపే ముగిశాయి. కోపం ముందుగానే ఎగసి చల్లారుతుంది. తరువాత మిగిలేది దుఃఖం. ఆవేశాన్ని పట్టి ఆపే శక్తి మెదడులో పూర్తిగా ఏర్పడటానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. నాలుగేళ్లవాడికి అది ఎక్కడినుంచి వస్తుంది?

మొన్న వాళ్ల అమ్మకు ఎదురువెళదామని నాచారం తీసుకువెళ్లాను. బండిమీద అరటిపండు కొని, అలవాటుకొద్దీ ఒలిచి ఇచ్చాను. “నేను ఒలుచుకుంటా! మళ్లీ మూసెయ్యి!” అని రోడ్డుపక్కన చతికిలబడ్డాడు. ఈసారి వాణ్ణి బళ్లకు దూరంగా ఎత్తుకొచ్చి, మూసిన దుకాణం మెట్టుమీద పక్కనే కూర్చున్నాను. తిట్టలేదు, బతిమాలలేదు, ఇంకో పండూ కొనలేదు. దారినపోయేవాళ్లు చూస్తే చూశారు. అరుపులు వెక్కిళ్లయినాయి. కాసేపటికి తనే వచ్చి నా ఒళ్లో తలపెట్టాడు. అప్పుడు చెప్పాను: “నువ్వే ఒలుచుకోవాలనుకున్నావు, నేను ఒలిచేశాను. అందుకని కోపం వచ్చింది. కోపం రావచ్చు, వస్తువులు విసరకూడదు.” తల ఊపి, ఆ పండే తిన్నాడు.

తల్లులారా, ఆకలివేళా నిద్రవేళా పిల్లల్ని బజారుకు తిప్పకండి; సగం పేచీలు అక్కడే పుడతాయి. ఏడ్చాడని అడిగిందల్లా ఇవ్వకండి, ఏడుస్తున్నంతసేపూ నీతులు చెప్పకండి. గుక్కపట్టి సొమ్మసిల్లినా, తనను తాను గాయపరచుకుంటున్నా, అయిదేళ్లు దాటినా పేచీలు తగ్గకున్నా డాక్టరుకు చూపించండి.

మావాడు ఇప్పుడు ఒక్కోసారి విసిరేముందు “నాకు కోపం వస్తోంది” అంటున్నాడు. సంతోషమే. కాని నేను దువ్వెన తీస్తే ఇంకా కళ్లు గట్టిగా మూసుకుంటాడు. అది పోవటానికి అయిదు నిమిషాలు చాలవు.