తెల్లబడితే తాలు!

మా ఆడపడుచు సంక్రాంతి వెళ్ళిన పదిరోజులకి ఒంగోలు నుంచి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే తలెత్తి కిటికీ వంక చూసి, "ఏం వదినా, ఒంట్లో బావుండడం లేదా?" అంది. బాగానే ఉన్నానన్నాను. "ఏం లేదు, కర్టెన్లు చూసి అడిగాలే" అంది.

విన్నారా! నా మొహం చూసి కాదు, కర్టెన్ల మొహం చూసి నా ఆరోగ్యం అడిగింది. ఆ పై ఆదివారం మా అమ్మాయిని చూసుకోవడానికి పెళ్ళివారు వస్తున్నారు. ఆ సంగతి కూడా ఓసారి గుర్తుచేసి, కాఫీ తాగి, తన దారిన తను వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది గుంటూరు. మిర్చియార్డుకు వెళ్ళే లారీల దారికి రెండు వీధుల ఇవతల మా ఇల్లు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మా వీధిలో గాలి కూడా ఎర్రగానే వీస్తుంది. దానికి తోడు జిన్నింగు మిల్లుల వైపు నుంచి దూది నుసి. ఈ రెండింటికీ అడ్డం నిలబడి, మా ముక్కుల్లోకి పోవలసిందాన్ని తన ఒంటికి పూసుకునేది కర్టెను. అది మాసిందంటే తన పని తను చేసిందన్నమాట. ఊళ్ళో ఇంకెవరు పనిచేసి మాసినా "పాపం, కష్టజీవి" అంటాం గదా, కర్టెను మాసిపోతే మాత్రం ఇల్లాలు బద్ధకస్తురాలా?

ఇంత తర్కం నాకు ఆవాళ తోచలేదు. తోచి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. ఫోనులో ఎవరో పంపిన చిట్కా చూశాను. పూర్వం పత్రికల్లో "గృహిణులకు సలహాలు" అని వచ్చేవే, ఇప్పుడు ఫోనుల్లోకి వలస వెళ్ళాయి. బకెట్టు నీళ్ళలో ఇంత బ్లీచింగ్ పౌడరు వెయ్యండి, నానబెట్టండి, మల్లెపూవులా తీయండి. అంతే. ఏ గుడ్డకు వెయ్యకూడదో, దేనితో కలపకూడదో ఆ చిట్కా రాసిన మహానుభావురాలు చెప్పలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమె పదేళ్ళుగా మాతోనే ఉంటోంది. ఆమె చేత బాత్రూంలో కర్టెన్లు నానబెట్టించాను. వాసన హాల్లోకి వస్తోందని తలుపు దగ్గరగా వేయించింది కూడా నేనే. గంట తర్వాత చూస్తే అన్నీ తెల్లబడ్డాయి గానీ, కింది అంచుల్లో పాతమరక ఒకటి కదలనంది. "ఆ బాత్రూం కడిగే యాసిడ్ రవ్వంత వేసి రుద్దు" అన్నాను. అన్నది నేను. ఎక్కడో ఎవరో కాదు.

రెండు నిమిషాలు కాలేదు. లోపల్నుంచి దగ్గు. మామూలు దగ్గు కాదు, ఊపిరి వెనక్కి పీల్చుకోలేని దగ్గు. తలుపు తోసుకుని ఆమె వరండాలోకి వచ్చి గోడకి చేరగిలపడింది. కళ్ళూ ముక్కూ ఏకధార. మావారు ఆటో పిలిచారు, డాక్టరు ఆవిరి మందు పట్టి సాయంత్రందాకా తన కళ్ళముందే కూర్చోబెట్టాడు. ప్రాణానికేం కాలేదు గానీ ఆ దగ్గు పదిరోజులు వదల్లేదు. రెండోరోజు వాళ్ళింటికి పండ్లు పట్టుకుని వెళ్ళాను. దగ్గుతూ దగ్గుతూనే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మగారూ, కర్టెన్లు తెల్లబడ్డాయా?"

ఆ మాటకు నాకు ఈనాటికీ జవాబు దొరకలేదు.

తర్వాత మా అబ్బాయి చెప్పాడు, బ్లీచింగులో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుందట. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలో ఈప్ర్ అనే ఊరి దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఆ వాయువునే. పెళ్ళిచూపుల కోసం నేను నా బాత్రూంలో, తలుపులు మూసి మరీ, దాన్ని తయారుచేయించాను! అందుకే మీ అందరికీ చేతులు జోడించి చెబుతున్నాను: బ్లీచింగులో యాసిడ్ గానీ, వెనిగర్, నిమ్మరసం గానీ, అమ్మోనియా ఉన్న ఏ మందు గానీ కలపకండి, కలపమని చెప్పకండి. పొరపాటున కలిస్తే బకెట్టు సంగతి వదిలేసి ముందు మనిషిని ఆరుబయటికి తీసుకురండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

పోనీ కర్టెన్లయినా దక్కాయా అంటే అదీ లేదు. నైలాను నెట్టు కర్టెన్లు రెండూ తెలుపు మాట దేవుడెరుగు, ముసలి కాగితంలా పచ్చబారాయి. నైలాను, పట్టు, ఉన్ని ఈ మందును భరించలేవట. నూలువి మాత్రం తెల్లగా మెరిశాయి. కడ్డీకి ఎక్కిస్తుంటే చేతిలోనే పర్రుమన్నాయి. మందు మోతాదు మించితే నూలుపోగునే తినేస్తుందని నాకప్పుడు తెలిసింది. పెళ్ళివారు వచ్చిన పూట మా కిటికీలకు మా అత్తగారి నాటి దుప్పట్లు వేలాడాయి. వాళ్ళు గమనించినట్టు కూడా లేదు. పెసరట్టు బావుందన్నారు.

అసలీ తెలుపు పిచ్చి మనకెక్కడిదండీ? యార్డులో ఏ రైతునైనా అడగండి. ఎండదెబ్బో, వానదెబ్బో, తెగులో తగిలి రంగుపోయి తెల్లబారిన మిరపకాయని 'తాలు' అంటారు. దాని రాశి వేరు, ధర వేరు. మంచి పత్తిదైనా పాలమీగడ రంగే. మగ్గం మీంచి దిగిన కోరాగుడ్డను చూడండి, నీలి తెలుపెక్కడుంది దానిలో? 1611లో ఇంగ్లీషువాళ్ళ ఓడ మన నిజాంపట్నం రేవుకి వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో పేరున్న సరుకు చిరివేరుతో అద్దిన ఎర్రబట్ట. మా అత్తగారైతే కొత్తబట్ట దేనికైనా మూల పసుపు పెట్టందే కట్టనిచ్చేవారు కాదు. మచ్చలేని తెలుపు అశుభమని ఆవిడ భయం. తెల్లచీర ఏ ఆడవాళ్ళకి కట్టబెట్టారో మనకు తెలియనిదా? మనిషికి కడితే గుండె తరుక్కుపోతుంది, కిటికీకి కడితే మర్యాదట!

తెల్లదొరల దేశాల్లోనూ ఒకప్పుడు నారబట్టను పులిసిన పాలల్లో, మజ్జిగలో నానబెట్టి నెలల తరబడి పచ్చికమీద ఎండేసేవారు. 1785లో బెర్తొలే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త క్లోరిన్‌తో ఆ పని చేయవచ్చని చూపాడు. 1799లో స్కాట్లండులో టెనెంట్ అనే ఆయన పొడి చేశాడు. మిల్లులవాళ్ళకి పచ్చిక బయళ్ళ ఖర్చు తప్పింది, బాగుంది. నాకేమిటి తొందర? నా డాబా మీద ఎండ ఊరికే పోతోంది.

ఇక నీలిమందూ, సబ్బుపొడుల్లోని మెరుపుమందూ చేసేది కేవలం కనికట్టు. పసుపుఛాయ మీద నీలం వేస్తే కంటికి తెలుపనిపిస్తుంది. మురికి ఎక్కడిదక్కడే ఉంటుంది. మరదీ మనం ఒకరినొకరం కొలుచుకునే తెలుపు!

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటారా? కర్టెన్లు తడపకముందే ముక్కుకు గుడ్డ కట్టుకుని డాబా మీద దులుపుతాను. మిరపదుమ్ము పొడిగా పోయినంత తేలిగ్గా తడిసి పోదు. తర్వాత చల్లని నీళ్ళలో రెండు విడతలు నానబెట్టడం, సబ్బు, బాగా జాడింపు. మిరప ఎరుపు నీటికి కరగదు, జిడ్డును వదిలించే సబ్బుకు సగం లొంగుతుంది, మిగతా సగం ఎండకు వెలిసిపోతుంది. కాయల్ని తాలు చేసే ఎండే నా కర్టెను మరకల్నీ తాలు చేస్తుంది. రంగు కర్టెన్లను మాత్రం తిరగేసి నీడన ఆరేస్తాను. దులపడం నా వంతు. నాన్న కాలంలో ఇంటికి చలువబట్టలు తెచ్చే చాకలాయన చౌడుమట్టితో, బానలో ఉడికించి, రేవులో ఆరేసి ఎంత తెలుపు తెచ్చేవాడో అంతే మాకు చాలేది. అంతకంటే తెలుపు అడిగిన గుర్తు లేదు.

మొన్న చీరాల వెళ్ళినప్పుడు (2022 నుంచి అది బాపట్ల జిల్లా అట, నా నోటికి ఇంకా ప్రకాశమే వస్తుంది) కోరారంగు నేతగుడ్డ ఇటికరంగు అంచుతో పన్నెండు గజాలు తెచ్చాను. మా ఇంట్లో ఆమే కడ్డీలకు ఎక్కించింది. "ఇవి ముందే మాసినట్టున్నాయమ్మగారూ" అంది నవ్వుతూ. మిగిలిన బ్లీచింగ్ పౌడరు వీధి మురుక్కాలవ దగ్గర చల్లమని పారిశుద్ధ్యం వాళ్ళకి ఇచ్చేశాను.

ఆడపడుచు వచ్చే నెల వస్తానని ఫోను చేసింది. కర్టెన్ల సంగతి నేను చెప్పలేదు.