బొల్లి చర్మం దగ్గరే ఆగుతుందా?

ఏప్రిల్, మే నెలల్లో నూజివీడు మామిడి తోటల్లో కోతలు. గడకు కట్టిన చిక్కంతో రసాలు కోస్తుంటే తొడిమ విరిగి సొన చిమ్ముతుంది. పడిన చోట చర్మం కమిలి నల్లబడుతుంది, కొన్నాళ్లకు మానుతుంది. బొల్లి ఉన్నవారికి అంతటితో పోకపోవచ్చు. కాలినచోట, గీసుకున్నచోట కొత్త తెల్లమచ్చ లేచే గుణం వాళ్ల చర్మానికి ఉంది. చర్మవైద్యులు దాన్ని కోబ్నర్ లక్షణం అంటారు. బావంచాలు నూరి పూసుకుని ఎండలో కూర్చుని బొబ్బలు తెచ్చుకునేవాళ్లకూ ఇదే ముప్పు. ఇంత జాగ్రత్తా పైతోలు గురించే. చెవి మాట ఎవరూ ఎత్తరు.

బొల్లిలో చర్మం నుంచి పోయేవి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు. అవి లోపలి చెవిలోనూ ఉన్నాయి. నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా గోడలో ఇవి పొటాషియం రాకపోకలు చూస్తూ, అక్కడి ద్రవంలో సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్తును నిలబెడతాయి. అది పడిపోతే శబ్దాన్ని పట్టే రోమకణాలు మందగిస్తాయి. చిత్రమేమిటంటే, ఇక్కడ అక్కరకొచ్చేది రంగు కాదు, కణం. ఆల్బినిజంలో కణాలుంటాయి, మెలనిన్ అనే రంగు తయారుకాదు. వినికిడి మామూలుగానే ఉంటుంది. డచ్చి కంటివైద్యుడు వార్డెన్‌బర్గ్ 1951లో వివరించిన జన్యులోపంలో కణాలే ఉండాల్సిన చోట ఉండవు. నుదుటి మీద తెల్లజుట్టు, లేత నీలికళ్లు, చాలామందికి పుట్టుచెవుడు.

బొల్లి సంగతి అంత తీవ్రం కాదు. పలు దేశాల్లో ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేసి చూస్తే కొందరికి కీచుశబ్దాల దగ్గర వినికిడి కాస్త తగ్గినట్టు తేలింది. కొన్ని పరిశోధనల్లో తేడాయే కనబడలేదు. తగ్గినవాళ్లలోనూ చాలామందికి ఆ సంగతి తెలియదు. గొంతు వినబడుతూనే ఉంటుంది, స, త, క లాంటి అక్షరాలు జారిపోతాయి. సంతలో ధర రెండోసారి అడిగితే పరధ్యానం అనుకుంటారు.

అసలే ‘శ్వేతకుష్టు’ అన్న తప్పుడు పేరుతో, కుష్ఠుతో ఏ సంబంధమూ లేని ఈ మచ్చలు పెళ్లి సంబంధాలు చెడగొడుతున్నాయి. దానికి చెవుడు భయం కూడా తగిలించమని కాదు. బొల్లి అంటేనే చెవుడని ఎవరైనా అంటే అది అబద్ధం. నేననేది ఒక్కటే: మచ్చలకు మందు రాసిచ్చే డాక్టరు అదే చీటీలో ఆడియోమెట్రీ కూడా రాయాలి. సూది లేదు, కోత లేదు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కూత వినబడినప్పుడల్లా మీట నొక్కడమే. 8,000 హెర్ట్జ్ దాకా చూడాలి. మామూలు మాటలు వినగలిగినంత మాత్రాన అక్కడ లోటు లేదని కాదు.