జెండా వెనుక సిపాయి

ఆగస్టు 2వ తేదీ వచ్చినంతనే పింగళి వెంకయ్యగారి పటమునకు పూలదండ పడును. సంతోషమే. కాని ఆ దండ చాటున మనిషి మరుగుపడుచున్నాడు.

బందరుకు చేరువనున్న భట్లపెనుమర్రులో జన్మించిన వెంకయ్యగారు, బోయరు యుద్ధకాలమున (1899-1902) ఆంగ్లసేనయందు చేరి దక్షిణాఫ్రికాకు పోయిరి. పరుల పతాకమునకు వందనము చేసిన సైనికునకు తన జాతి పతాకమేది యను చింత కలుగుటలో వింత యేమి? 1916లో 30 నమూనాలతో పుస్తకము వెలువరించిరి. మన జాతీయ కళాశాలలో నుపాధ్యాయులైన వీరి కృషిని గాంధీమహాత్ముడు 1921 ఏప్రిల్‌లో ‘యంగ్ ఇండియా’యందు పేర్కొనెను. రాట్నము మాత్రము లాలా హంసరాజుగారి సూచన. ఉన్నమాట చెప్పినందున వెంకయ్యగారి కీర్తికి లోటు లేదు.

జెండాతోనే చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కంబోడియా పత్తిపై పరిశోధించి ‘పత్తి వెంకయ్య’ యనిపించుకొనిరి.

ఇంత పాటుపడినవారు 1963 జూలై 4న పేదరికములోనే కన్నుమూసిరి. తపాలాబిళ్ళ 2009లో వచ్చెను. నడుమ 46 ఏండ్లు! బ్రతికియుండగా ఆ యింటి పొయ్యి యెట్లు వెలుగుచున్నదని యెందరు విచారించిరి?

బందరు, గుడివాడ, దివిసీమలలో నేడును సేననుండి మరలివచ్చి సంసారభారము మోయుచున్నవారు కలరు. దండలు కట్టించు సంఘములవారు, వారి పింఛను కాగితములు కదలినవో లేవో ముందుగా పోయి యడుగవలెను.