సీతాఫలం తినండి, గింజలు పారేయండి

సీతమ్మవారి పేరు పెట్టుకున్నాం గాని, ఈ పండు పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. రామాఫలమూ అక్కడిదే! బాలానగర్ కాయ రుచి ఎరిగినవారికి ఈ మాట నమ్మబుద్ధి కాదు.

కళ్ళు విచ్చిన కాయను బియ్యం డబ్బాలో దాస్తే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. 100 గ్రాముల గుజ్జులో దాదాపు 100 కేలరీల శక్తి ఉంది. సి విటమిను, పీచు, పొటాషియం కూడా ఉన్నాయి. చక్కెర ఎక్కువే కాబట్టి మధుమేహం ఉన్నవారు సగం పండుతో, అదీ డాక్టరును అడిగి, సరిపెట్టుకోవాలి.

అసలు చెప్పవలసింది గింజల సంగతి. పేలు పోతాయని వాటిని నూరి పిల్లల తలకు పట్టించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పేలు చచ్చేమాట నిజమే. కాని ఆ ముద్ద కంట్లోకి జారిందా, నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. మంట, ఎరుపు, ఆగని నీరు! వెంటనే 15 నిమిషాలైనా మంచినీటి ధారతో కడిగి, కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. చనుబాలు, ఆముదం వేయకండి. పేలకు మందులషాపులో పెర్మెత్రిన్ లోషను దొరుకుతుంది; పేల దువ్వెన ఉండనే ఉంది.

అన్నట్టు, పిల్లవాడు పొరపాటున ఒక గింజ మింగితే కంగారుపడకండి. కడుపులో చెట్టు మొలవదు, మర్నాడో మూడోనాడో అదే బయటికి పోతుంది.