‘ఐ ఎక్స్ ఎల్’ – ఒక శ్లేష



శ్లేష కవుల సొత్తని ముప్పై ఐదేండ్లు పాఠం చెప్పిన నాకు, అది కత్తి అలుగు మీద కూడా కనబడింది. ఇంగ్లండులోని షెఫీల్డు నగరానికి చెందిన వోస్టెన్‌హోమ్ కుటుంబం తమ కత్తులపై ‘ఐ ఎక్స్ ఎల్’ అన్న మూడక్షరాలు వేసేది. కలిపి పలికితే ఆంగ్లంలో ‘నేనే మేటిని’ అని అర్థం. 1787 నాటి గుర్తు అది. వైయాకరణులు మెచ్చదగినదే!

ఆ వంశంలోని జార్జి వోస్టెన్‌హోమ్ (1800–1876) అమెరికా బేరాన్నే నమ్ముకొన్నవాడు. పదేపదే అట్లాంటిక్ దాటి స్వయంగా ఆర్డర్లు తెచ్చుకొనేవాడు. 1848లో చేరిన కర్మాగారం పేరు వాషింగ్టన్ వర్క్స్. కొనేవారి తొలి అధ్యక్షుడి పేరు అమ్మేవారి గుమ్మానికన్నమాట! అమెరికనులు మొలలో దోపుకొన్న బౌయీ కత్తులలో అనేకం షెఫీల్డు సరుకే.

ఆయన చొరవను పొగిడేవారితో నాకు పేచీ లేదు. అయితే ‘నేనే మేటిని’ అన్నప్పుడు ఆ ‘నేను’ ఎవరు? ఉక్కు సాగగొట్టినవాడొకడు, సానపట్టినవాడొకడు, పిడి బిగించినవాడొకడు. సానపట్టేవాడు గుర్రమెక్కినట్లు పీటపై కూర్చుని, తిరిగే రాతిచక్రం మీదికి వంగి పనిచేసేవాడు. రాతిదుమ్ము, ఉక్కురజను నేరుగా ఊపిరితిత్తులలోకే. సుద్దముక్క దుమ్ముకే జీవితమంతా దగ్గిన నేను దీన్ని ఊహించను కూడా లేను. నైట్ అనే స్థానిక వైద్యుని లెక్కను ఎంగెల్స్ 1845 నాటి తన గ్రంథంలో ఉదాహరించాడు: పొడిసాన పట్టేవారి సగటు ఆయువు 35 ఏండ్లకు మించదు, తడిసాన వారు 45 దాటడం అరుదు. ఇది ఒక్క కుటుంబం చేసిన దోషం కాదు, ఊరంతటి వృత్తి నడక అదే.

అంతకన్న నన్ను కలచినది మరొకటి. దుమ్మును ఆపే సాధనాలు వస్తే, కొందరు పనివారే వాటిని పగులగొట్టారట. చావులు తగ్గితే పనివారు పెరిగి కూలి పడిపోతుందని భయం! ఆ వాక్యం రెండుమార్లు చదివి పుస్తకం మూసివేశాను. వారిని మూర్ఖులనడం తేలిక. ఆకలి లెక్క అలాగే ఉంటుందేమో.

1890లో మెకిన్లీ సుంకం వచ్చి షెఫీల్డు వారి అమెరికా బేరాన్ని దెబ్బతీసింది. వర్తక చరిత్రలో ఆ నష్టానికి ఒక అధ్యాయం దక్కుతుంది. దానికి ముందు సానపట్టినవారి అధ్యాయం ఒకటి ఉండి తీరాలని నా వాదం. కాదనేవారుంటే నిర్మొహమాటంగా వ్రాయండి, జవాబిస్తాను.