శిశుశాలలకు కాపలా యెవరు?

మన పట్టణములలో కాఫీహోటలు పెట్టదలచినవాడు మునిసిపాలిటీ కచేరికి పోయి లైసెన్సు పుచ్చుకొనవలెను. మందులషాపునకు లైసెన్సు గలదు, సినిమాహాలునకు గలదు, దీపావళికి నాలుగు దినములు బాణసంచా అమ్ముకొను బడ్డీకొట్టునకును గలదు. ఇవియన్నియు ఉండవలసినవే. కాని ఇరువదిమంది పసిబిడ్డలను ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒక అద్దెయింటి గదులలో నుంచుకొని, నెలకింతయని తల్లిదండ్రులయొద్ద రుసుము గైకొను శిశుశాల మాట వచ్చునప్పటికి, ఆ బిడ్డల క్షేమమును విచారించి అనుమతి యిచ్చినగాని తలుపు తెరువరాదని శాసించు చట్టము, దేశమంతటికిని వర్తించునది, నేటివరకు లేదు. ఈ లోపము చిన్నదని మేము తలపము.

శిశుశాలయను మాటతో మేము క్రెష్ అనియు, డే కేరు అనియు, ప్లే స్కూలు అనియు వీధులలో బోర్డులు కట్టుకొనిన వన్నిటిని చెప్పుచున్నాము. పేరేదైనను పని యొకటే: తల్లి పనికి పోయి తిరిగివచ్చు వరకు బిడ్డను చూచుట. పూర్వము అవ్వయో, మేనత్తయో, పొరుగింటి ముసలమ్మయో చేసిన యీ పని నేడు హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ మున్నగు నగరములలో రుసుమునకు జరుగుచున్నది. ఉమ్మడి కుటుంబము పోయెనుగదా యని నిట్టూర్చి, అంతటితో తమ విధి తీరినదనుకొను పెద్దలు గ్రంథాలయముల వరండాలలో పెక్కురు కానవచ్చుదురు. వారి నిట్టూర్పు ఏ బిడ్డకును పాలు పట్టదు. స్త్రీలు ఉద్యోగము చేయుట ఇంటికిని దేశమునకును అవసరమైనది. అట్టిచో వారి బిడ్డలుండు చోటు క్షేమమైనదా కాదా యని విచారించుట ఆ తల్లి యొక్కతె నెత్తిన పడవేయదగిన భారము కాదు. ఉదయము తొమ్మిదింటికి బిడ్డను గుమ్మములో నప్పగించి బస్సు నందుకొన పరుగెత్తు తల్లి, వంటగదిలో గ్యాసుబండ ఎక్కడ నున్నదో, పెరటిలోని నీళ్లసంపునకు మూత యున్నదో లేదో ఎట్లు చూడగలదు? చూచినను, సరిచేయింప నామె కేమి యధికారము గలదు?

చట్టములు బొత్తిగా లేవని కాదు. ఉన్నవి గాని, ఒకదాని హద్దు ముగిసినచోట మరియొకటి మొదలగుట లేదు. 2002వ సంవత్సరపు రాజ్యాంగ సవరణచే 45వ అధికరణము మారినది. ఆరేండ్లు నిండువరకు బిడ్డలందరికి సంరక్షణమును విద్యయు కలుగజేయుటకు ప్రభుత్వము యత్నింపవలెనని అందు గలదు. యత్నింపవలెనను మాటను చదువరులు గమనింతురు గాక. 2009 నాటి విద్యాహక్కు చట్టము గుర్తింపు లేని పాఠశాల నడుపరాదని కచ్చితముగా శాసించినది. కాని ఆ చట్టపు హక్కు బిడ్డ ఆరవయేట మొదలగును. 2015 నాటి బాలల న్యాయ చట్టము అనాథశరణాలయముల వంటి సంస్థలన్నియు విధిగా రిజిస్టరు కావలెననియు, కానిచో నడుపువానికి ఏడాది వరకు జైలైనను, లక్షకు తక్కువగాని జరిమానాయైనను, రెండునైనను విధింపవచ్చుననియు చెప్పినది. మంచిదే. కాని తల్లియు తండ్రియు గల బిడ్డ, దినమునకు ఎనిమిది గంటలు పరుల చేతిలో నున్నను, ఆ రిజిస్టరు లెక్కకు రాడు.

ఇక 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, స్త్రీలు పనిచేయు కర్మాగారములలో ఆరేండ్లలోపు బిడ్డలకు గదులుండవలెననియు, వానికి గాలియు వెలుతురును ఉండవలెననియు, శిక్షణ పొందిన స్త్రీలు చూచుచుండవలెననియు నిర్ణయించినది. 1996లో కట్టడపు పనివారి చట్టము నట్టి నియమమే చేసినది. 2017లో ప్రసూతి ప్రయోజనముల చట్టమును సవరించి, ఏబదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలన్నిటికి దీనిని విధించిరి. 2020లో పార్లమెంటు ఆమోదించిన సాంఘిక భద్రతా స్మృతిలోను ఆ ఏబది సంఖ్యయే నిలిచినది. ఇవి యజమానిని శిశుశాల పెట్టుమని నిర్బంధించును. వీధిలో తనంతట తాను పెట్టుకొనిన వానిని, నీకేమి యర్హత గలదని యడుగవు. 2018లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖవారు శిశుశాలలకు కనీస ప్రమాణములను ప్రకటించిరి. అవి మార్గదర్శకములు. మార్గము చూపును, నడువనివానిని ఆపజాలవు.

సరే, రేపే చట్టము వచ్చినదనుకొందము. గోడకు లైసెన్సు కట్టుటతో బిడ్డలకు క్షేమము కలుగునా? దీనికి మెక్సికో దేశపు సాక్ష్యము వినదగినది. 2009 జూను 5వ తేదీని, ఆ దేశమున సొనోరా రాష్ట్ర రాజధానియైన హెర్మొసిల్లో నగరములో ఒక శిశుశాల కాలిపోయి 49 మంది బిడ్డలు మరణించిరి. అందరును పలక పట్టని వయస్సువారు. అది దొంగచాటుగా నడచిన గృహము కాదు. ప్రభుత్వపు సాంఘిక భీమా సంస్థయే, పనిచేయు తల్లుల బిడ్డలకొరకు, ప్రైవేటువారితో ఒప్పందము చేసికొని దానిని నడిపించుచుండెను. కాగితములన్నియు నుండెను, తనిఖీలును జరిగినవి. కాని ఆ కట్టడము గిడ్డంగికొరకు కట్టినది. నడిమి గోడకు ఆవల, అదే కప్పు క్రింద, రాష్ట్ర ఆర్థికశాఖవారు తమ దస్తావేజులు మున్నగువానిని నిలువజేసికొనిరి. నిప్పు అక్కడ పుట్టి కప్పుమీదుగా ఇవతలికి ప్రాకినది. మధ్యాహ్నము బిడ్డలు నిద్రించు వేళ. వెలుపలికి పోవుటకు పనికివచ్చు ద్వారములు చాలవయ్యెను. చుట్టుపట్ల జనులు పరుగెత్తి వచ్చిరి. ఒకడు తన బండితో గోడను ఢీకొట్టి కన్నము చేసినంతనే, ఆ కన్నముగుండ కొందరిని వెలికి దీసిరి. శిశుశాల గదులు చూచి, దానితో కప్పు పంచుకొనిన పొరుగు గిడ్డంగిని చూడని తనిఖీ ఎన్నిసార్లు జరిగిన నేమి?

ఆ తల్లిదండ్రులు ఊరకుండలేదు. వారి పోరాటఫలముగా 2011 అక్టోబరులో మెక్సికో ప్రభుత్వము శిశుశాలలకు దేశవ్యాప్తమైన చట్టము చేసినది. దేశమందలి శిశుశాలల నన్నిటిని ఒక రిజిస్టరున నెక్కింపవలెననియు, కాలపరిమితి లేని అనుమతి నెవ్వరికిని ఈయరాదనియు అందు గలదు. జనులు ఆ చట్టమును 'జూను 5వ తేదీ చట్టము' అనియే పిలుచుచున్నారు.

అంత దూరము పోవలసిన యవసరము మనకు నిజముగా లేదు. మన పొరుగుననే, కుంభకోణమున, 2004 జూలై 16వ తేదీని ఒక పాఠశాలలో వంటయింటి నిప్పు ఆకులకప్పున కంటుకొని 94 మంది బాలబాలికలు చనిపోయిరి. ఆ దుర్ఘటనను ఆధారము చేసికొని దాఖలైన వ్యాజ్యములో, 2009లో సుప్రీముకోర్టువారు, క్షేమమైన కట్టడమున చదువుకొనుట విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పిరి, కట్టడము జాతీయ నిర్మాణ నియమావళికి సరిపోవునని తేలినగాని గుర్తింపు నీయరాదనిరి, అగ్నిమాపక సాధనములుంచుమనిరి, కట్టడములను కాలక్రమమున పరీక్షింపుమనిరి. ఆ తీర్పు పాఠశాలలకు. మరి పాఠశాల బిడ్డకు కాళ్లు గలవు. గంట కొట్టిన పరుగెత్తగలడు. శిశుశాల బిడ్డ పరుగెత్తలేడు. రక్షణ మరింత కావలసినచోట చట్టము మరింత మౌనముగా నున్నది.

ఇందొక చిన్న లెక్క గలదు. 2018 ప్రమాణముల ప్రకారము మూడేండ్లలోపు బిడ్డలు పదిమందికి ఒక ఆయా యుండవలెను. అది పాలు పట్టుటకును, తుడిచి బట్టలు మార్చుటకును సరిపోవచ్చును. కాని పొగ కమ్మినప్పుడు ఒక స్త్రీ చంక కొక బిడ్డను, చేతి కొక బిడ్డను ఎత్తుకొని పోగలదు. పదిమందిని తీయుటకు ఐదుసార్లు లోపలికి పోవలెను. మేడమీది గదియైనచో, ఇరుకుమెట్లపై ఐదుసార్లు దిగి నాలుగుసార్లు ఎక్కవలెను. ఏ ఆయా కది సాధ్యము? కావున శిశుశాల నేలయంతస్తున నుండవలెననుటయు, రెండు ద్వారములుండవలెననుటయు, ఆయాల సంఖ్య తగ్గరాదనుటయు వేర్వేరు నియమములు కావు. మూడును కలసి యొక్కటే నియమము. కిటికీల కినుప గ్రిల్లులు బిగించి, బిడ్డ వీధిలోనికి పోకుండ గేటునకు తాళము వేసి, తాళపుచెవి యజమానురాలి చేతిసంచిలో నుంచుకొని బజారునకు పోవు గృహములు మన పట్టణములలో లేవని ఎవరు చెప్పగలరు? ఆమె చెడ్డది కాదు. బిడ్డ తప్పిపోవునను భయముచేతనే తాళము వేసినది. ఆ తాళము మరియొక యపాయమును తెచ్చునని ఆమెకు చెప్పినవారు లేరు. చెప్పుట కొక అధికారి యుండవలెను. అతడు వచ్చి చూడవలెను.

వచ్చుటలోను భేదము గలదు. వారము ముందు తేదీ తెలిపి, కాఫీ త్రాగి, హాజరుపట్టీలో సంతకము చేసి, 'మామూలు' జేబున వేసికొని పోవు తనిఖీని మన మెరుగుదుము. హోటళ్లకు జరుగుచున్నది తరచుగా నదియే. అట్టిది శిశుశాలలకును దాపురించుటకంటె చట్టము లేకుండుటయే మేలని ఒక మిత్రుడు మాతో ననెను. మేమంత నిరాశపడము. అధికారి చూచినదేమో తల్లులకు తెలిసినచో మామూలునకు విలువ తగ్గును. తనిఖీ చేసిన తేదీయు, ఎందరు బిడ్డలకు అనుమతియో ఆ సంఖ్యయు, దిద్దవలసిన లోపములును, వాని గడువును తేటతెలుగున ఒక కాగితముపై వ్రాసి, శిశుశాల గుమ్మముననే కట్టింపవలెను. ఇరువదిమందికి అనుమతియని గుమ్మమున నుండ, లోపల నలువదిమంది యున్నచో, తల్లియే ఇన్‌స్పెక్టరగును.

దీనికి బలమైన యాక్షేపణ యొకటి గలదు; దానిని త్రోసివేయుట న్యాయము కాదు. నియమములు బిగించినచో పేదపేటలలోని చిన్న శిశుశాలలు మూతపడును. ధనికుల బిడ్డలకు చల్లని గదులు మిగులును. పేదరాలి బిడ్డను చూచుటకు ఎనిమిదేండ్ల అక్కను బడి మానిపింతురు. ఇది నిజము. ఇందులకు మేము చెప్పునది, నియమమును సడలింపుమని కాదు, ధనమిమ్మని. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడి, మన దుర్గాబాయమ్మ దాని కధ్యక్షురాలైనప్పుడు, పేటలలో సేవచేయు సంఘములకు సర్కారు ధనము గ్రాంటుగా నిచ్చు పద్ధతి దేశమంతట వ్యాపించినది. గాంధీమహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో, ఢిల్లీలో రాజఘాటు చెంత శతజయంతి ప్రదర్శనశాలను కట్టు కూలీల బిడ్డలు ఎండలో దుమ్ములో పడియుండుట చూచి, మీరా మహదేవన్‌గారు అక్కడనే వారికొక శిశుశాల పెట్టిరి. 'మొబైల్ క్రెషెస్' సంస్థ పుట్టుక అది. గుడారములో పెట్టినను క్షేమముగా పెట్టవచ్చును. పెట్టువానికి ధర్మబుద్ధియు, కొంచెము ధనమును, చెప్పువాడును కావలెను. దేశము నలుమూలల మేడలు కట్టుచున్న మన పాలమూరు కూలీల బిడ్డలకు ఇట్టి ఏర్పాటు కట్టడము కట్టడమునందును ఎందుకుండరాదు? కావున అధికారి మొదటిసారి వచ్చినప్పుడు నేర్పవలెను. రెండవసారి వచ్చులోపల సంపుమూతకు, రెండవ ద్వారమునకు, నిప్పునార్పు సాధనమునకు మునిసిపాలిటీ సహాయము చేయవలెను. అప్పటికిని దిద్దుకొననివానికే తాళము వేయవలెను.

ఇంకొక మాట. ఇతరులను తనిఖీ చేయు ప్రభుత్వము తన్ను తాను విడిచిపెట్టుకొనరాదు. 1975 అక్టోబరు 2వ తేదీని ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముచే నేడు దేశమున లక్షల సంఖ్యలో అంగన్‌వాడీలు నడుచుచున్నవి. వానిలో ననేకములు అద్దెకొంపలలో నున్నవి. కొన్నింటిని పగలంతయు నడచు శిశుశాలలుగా మార్చుటకు 2022 మొదలు 'పాల్నా' పథకము వచ్చినది, అది సంతోషింపదగినది. కాని పగలంతయు బిడ్డ యుండుననినచో నిద్రయు, వంటయు, స్నానమును అక్కడనే. అపాయములును అంత పెరుగును. ప్రైవేటు శిశుశాల గుమ్మమున కట్టింపుమని మేము కోరిన కాగితమునే అంగన్‌వాడి గుమ్మమునను కట్టవలెను. చిన్న జీతముపై ఆ భారమంతయు మోయుచున్న అంగన్‌వాడి టీచరమ్మపై లోపములన్నిటిని రుద్ది, కట్టడమునకు డబ్బు మంజూరు చేయని పైయధికారిని తప్పించుటకు మాత్రము ఆ కాగితము నుపయోగింపరాదు. లోపమునెదుట, దానిని సరిచేయవలసిన యధికారి హోదాయు వ్రాయవలెను.

రెండు తెలుగు రాష్ట్రముల శాసనసభ్యులను మేము కోరునది: శిశుశాలల రిజిస్ట్రేషనును నిర్బంధము చేయు చట్టమును తెండు. అనుమతికి కాలపరిమితి యుంచుడు. మునిసిపాలిటీ, అగ్నిమాపకశాఖ, ఆరోగ్యశాఖ, స్త్రీ శిశు సంక్షేమశాఖ అను నలుగురును ఒకరిపై నొకరు నెట్టుకొనకుండ ఒక్క అధికారిని జవాబుదారు చేయుడు. ఆ చట్టము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఈ వ్యాసమును పఠనాలయమున చదువువారు తమ వార్డు కౌన్సిలరును కలిసి, మన పట్టణమున శిశుశాలలెన్ని, వానిలో బిడ్డలెందరు, ఏవేవి మేడమీద నున్నవి యని వ్రాతమూలముగా అడుగుడు. తొలుత కచేరివారు లెక్క లేదందురు. లేని లెక్కను తీయుటకు పెద్ద ఖర్చు కాదు. ఇద్దరు గుమాస్తాలు పదిదినములు వీధులు తిరిగిన చాలును.