రంగప్రవేశానికి ముందు మూడు నెలలు

కూచిపూడి రంగప్రవేశం దగ్గరపడిన ఇళ్లలో ఒక విచిత్రం చూస్తుంటాము. అంతవరకు వారానికి మూడు గంటలు సాధన చేసిన అమ్మాయి ఒక్కసారిగా రోజుకు మూడు గంటలు ఆడుతుంది. బడి మానదు, ట్యూషన్ మానదు. తగ్గేది నిద్ర ఒక్కటే. తల్లిదండ్రులు దీనిని దీక్ష అంటారు. వైద్యుడిగా నేను అలా అనలేను.

ఎముక రాయి కాదు. తాకిడికి లోనైన ఎముకను శరీరం ముందుగా కొంత తొలగించి, ఆ తరువాత కొత్త ఎముకతో పూడుస్తుంది. ఈ రెంటి నడుమ కొన్ని వారాలు అది మునుపటికన్న బలహీనంగా ఉంటుంది. సరిగా ఆ సమయంలోనే సాధన పెంచుకుంటూ పోతే సన్నని చీలిక పడవచ్చు. దానినే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాము. మోకాలి కింది ముందెముకలోను, పాదం మధ్య ఎముకలలోను ఇది ఎక్కువ. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కనుక, "ఎక్స్‌రే బాగుంది, ఆడవచ్చు" అన్న మాటతో నిశ్చింత పడరాదు. కండరమంతా పరుచుకొని రెండు మూడు రోజులలో పోయే నొప్పి వేరు. ఎముకపై వేలు పెట్టి నొక్కితే ఒకేచోట కలుక్కుమనే నొప్పి వేరు. రెండవదైతే ఆట ఆపి ఎముకల వైద్యునికి చూపించాలి. అవసరమైతే ఎంఆర్ఐ తేల్చి చెబుతుంది.

ఇక అరమండి. తొడ బయటికి తిరగడం తుంటి కీలు పని. అది ఎంత తిరుగుతుందన్నది చాలవరకు పుట్టుకతో వచ్చిన ఎముకల అమరిక. చాలనప్పుడు పాదాలను బలవంతంగా పక్కకు తిప్పితే ఆ మెలిక మోకాలు మోస్తుంది. గురువులు పిల్లలందరి నుంచి ఒకే కొలత కోరడం నాకు సమ్మతం కాదు.

వెనుకటి భాగవతులు ఊరి వీధిలో, మట్టినేల మీద ఆడారు. నేటి పిల్లలు కాంక్రీటు మీద పరచిన గ్రానైటుపై వట్టి పాదాలతో అడుగులు వేస్తున్నారు. చెక్కనేల ఏర్పాటుకు లేని డబ్బు వేదిక అలంకరణకు ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

సన్నబడాలని అన్నం తగ్గించిన ఆడపిల్లకు నెలసరి తప్పితే అలసట అని సరిపెట్టుకోకండి. ఈస్ట్రోజన్ తగ్గితే ఎముక పలచబడుతుంది.

సాధన ఆరునెలల ముందు నుంచే కొద్దికొద్దిగా పెంచండి. వారంలో ఒక రోజు గజ్జె కట్టనీయకండి. హాలు బయానా పోతుందని తేదీ మార్చడానికి వెనుకాడే తండ్రులున్నారు. చీలిన ఎముక మానడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు; కాలి ముందెముక ముందు అంచున పడిన చీలికైతే నెలలు.